లైటు వెలగలేదు గనుక అమ్మ లేదు

పానకాలు ఇంట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, వాళ్ళే రోజుకు నాలుగుసార్లు అనుకునేవారు. వాళ్ళంటే పానకాలు, అతని భార్య మంగతాయారు, తమ్ముడు తాతారావు, తల్లి సుందరమ్మ. పాతకాలపు మట్టిగోడల ఇల్లు. పొడవాటి నడవలో పట్టపగలే చీకటి. అక్కడే కిందటి నెల సుందరమ్మ గడప తట్టుకుని పడింది.

"ఇంకోసారి పడితే మంచమే" అన్నాడు డాక్టరు.

"పడితే మంచమ్మీదే పడాలన్నమాట" అని తాతారావు నడవలో మంచం అడ్డంగా వేశాడు. అంతే, సుందరమ్మ తప్ప మిగతా ముగ్గురూ ఆ మంచం తగిలి పడ్డారు.

చివరికి కరెంటు పనిచేసే మస్తాన్ వచ్చి, నడవలో సెన్సార్ లైటు బిగించాడు. "పానకాలు గారూ, మనిషి కదిలితే ఇది వెలుగుతుంది. కదలిక లేకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆరిపోతుంది, మీ ఫోనుకీ కబురు పెడుతుంది. ఇంటికి కన్నులాంటిది, జాగ్రత్త" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది! ఆ రాత్రి భోజనాలు నడవలోనే. కదలకపోతే లైటు ఆరిపోతుందని అందరూ ఊగుతూ తిన్నారు. పప్పుచారు నోట్లోకి కొంత, చొక్కాల మీదికి కొంత పోయింది. "ఇంత శాస్త్రీయంగా ఈ ఊళ్ళో ఎవరు తింటారండీ?" అని మురిసిపోయింది మంగతాయారు.

తెల్లారి ఆవిడకి ఇంకో తెలివి పుట్టింది. "కొత్త కన్ను, బోసిగా ఉంది. దిష్టి తగలదూ?" అంటూ స్టూలెక్కి, సెన్సార్‌కి నిండుగా కాటుక పెట్టింది. అంతే, లైటు ఆరిపోయింది. పానకాలు చేతిలో ఫోను మోగింది. 'ఇంట్లో ఎవరూ లేరు.'

తాతారావు నడవలో గెంతాడు. లైటు వెలగలేదు. పానకాలు గెంతాడు. వెలగలేదు.

"అన్నయ్యా, మనం ఇంట్లో లేం."

"మరెక్కడున్నాంరా?"

"బయట చూస్తే తెలుస్తుంది."

ముగ్గురూ వీధిలోకి పరుగెత్తారు. ఎండలో ఒకళ్ళకొకళ్ళు కనబడ్డారు. హమ్మయ్య అనుకున్నారు. అంతలోనే మంగతాయారు గుండెలు బాదుకుంది. "అయ్యో, అత్తయ్య ఏరండీ?"

నడవ చివరి గదిలోంచి సుందరమ్మ కేకేసింది. "ఒరేయ్, చీకటిగా ఉందిరా, కాఫీ ఇక్కడికే తెండి!"

"అమ్మ గొంతు వినిపిస్తోందే?" అన్నాడు పానకాలు.

"గొంతుదేముంది అన్నయ్యా? రేడియోలోనూ గొంతు వస్తుంది, అందులో మనిషుంటాడా? అమ్మ తప్పిపోయింది."

పానకాలు ఏడ్చేశాడు. పాపం, తల్లంటే నిజంగానే ప్రాణం. "అమ్మా! నువ్వు ఇంట్లో లేవు! పోలీస్ స్టేషనుకి వెళుతున్నాం!" అని అరిచాడు.

సుందరమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో నా తల్లీ! ఎక్కడికి పోయానురా, కాళ్ళు బాగాలేనిదాన్ని?"

"వెతుకుతాం, ఏడవకు!" అంటూ పానకాలు గుమ్మంలోంచి చెయ్యి పెట్టి, ఇంట్లో ఉన్న ఒక్క టార్చిలైటూ తీసుకున్నాడు. ఎవరూ లేని ఇల్లు గదా అని తాళం వేశాడు.

సుందరమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. "ఒరేయ్, నేను దొరికితే చెయ్యి పట్టుకుని తీసుకురండిరా. నడవ చీకటిగా ఉంది, మళ్ళీ పడతాను!"