చేటకు ఎత్తిన విల్లు

భీమేశయ్యగారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే, ఆయన నోరు విప్పేముందు లేచి చెప్పులు తొడుక్కునేవారు. చాలా ప్రశ్నలకు జవాబు ఆశ్రమంలో దొరకదని ఆయన నమ్మకం. అందుకే ఆ ఉదయం రేచన అడగవలసింది అడిగేసి, గురువుగారి కాళ్ళవంక చూస్తూ నిలబడ్డాడు.

రేచన చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు ఒక సేనకు నాయకుడు. అతని శిబిరానికీ శత్రువు శిబిరానికీ నడుమ ఒక ఊరివాళ్ళ వరిచేలు ఉన్నాయి. పంట పండగానే రెండు సేనలవాళ్ళూ చెరోవైపు నుంచి దిగి, ఆదరాబాదరాగా కోసి, పనలు మోసుకుపోయారు. ఊరికి మిగిలింది పరిగె ఒక్కటే. పరిగె అంటే కోతలో రాలిపోయిన వెన్నులు. వాటిని లేనివాళ్ళు ఏరుకుంటారు. ఆ సీమలో పరిగెకు దిగే ఆడవాళ్ళు తలమీద చేట బోర్లించుకుంటారు. చేట కనబడిందంటే ఎంత పోరులోనైనా రెండువైపులవాళ్ళూ విల్లు దించాలి. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు, అప్పటిదాకా ఎవరూ తప్పలేదు.

పోయిన వారం ఒక గూఢచారి చీరకట్టుకుని, చేట బోర్లించుకుని వచ్చి, రేచన శిబిరంలో గడ్డివాములకు నిప్పుపెట్టి పోయాడు. ఆ మర్నాడే రేచన మంచెలమీద కాపలావాళ్ళకు చెప్పాడు: చేట ఉన్నా సరే, చేలో దిగినవాళ్ళను బాణంతో కొట్టండి అని. ఆ తర్వాత ఒక ఆడమనిషి బాణం తగిలి చేలోనే పడిపోయింది.

"ఒక్క దొంగవల్ల నా సేన మొత్తం కాలిపోవలసింది. అందుకని అందరినీ ఆపాను. ఇందులో అధర్మం ఉందా, గురువుగారూ?" ఇదీ అతని ప్రశ్న. అధర్మం లేదనిపించుకుని పోదామనే వచ్చాడు.

భీమేశయ్యగారు చెప్పులు తొడుక్కుని చేలవైపు నడిచారు.

గట్టుమీద ఐదారుగురు ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా చేలో వెన్నులు పడి ఉన్నాయి. రాత్రి కురిసిన వానకు కొన్ని అప్పుడే మొలకెత్తుతున్నాయి. ఒక్కరూ దిగడం లేదు. అందరిలోకీ పెద్దది సింగమ్మ. ఇంట్లో ఇద్దరు మనవరాళ్ళకు ఆమె చింతపిక్కల జావ కాచిపోస్తోంది. ఆ పిక్కలూ అయిపోయాయి.

రేచనకు జాలి వేసింది. "అవ్వా, నేను సేనానిని. నేనే సెలవిస్తున్నాను, దిగు. నిన్నెవరూ ఏమీ అనరు."

"అట్లాగా నాయనా, మంచిది," అంది సింగమ్మ. కదలలేదు.

పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. "అంత పెద్దాయన చెబుతుంటే దిగవేం అవ్వా?"

"నువ్వు దిగవే ముందు. నీ వెనకాలే వస్తా," అంది సింగమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

"మా కోడలికీ ఇట్లాగే చెప్పాడు నాయనా," అంది సింగమ్మ. "ఈ మంచెమీద కాపలావాడు మంచోడే. వెళ్ళమ్మా, నేను చూడనట్టుంటాలే అన్నాడు. ఆ చివర మంచెవాడికి ఆ సంగతి తెలియదు గదా."

రేచన తల దించుకున్నాడు. ఆ పడిపోయిన మనిషికి పేరుందనీ, అత్త ఉందనీ అతను అంతవరకూ అనుకోలేదు.

అప్పుడు భీమేశయ్యగారు అన్నారు: "ఆ చేట ఇలా తీసుకో నాయనా. నువ్వు దిగి నాలుగు వెన్నులు ఏరుకురా. నిన్ను చూస్తే వాళ్ళకు ధైర్యం వస్తుంది."

రేచన పైనున్న సేనాని అంగీ తీసేసి, సింగమ్మ చేట అందుకుని తలమీద బోర్లించుకున్నాడు. గట్టు దిగి ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు చివర మంచెవైపు చూశాడు. అక్కడ విల్లు పైకి లేచింది. అతని విల్లే, అతని మనిషే, అతని ఆజ్ఞే. కేకవేశాడు. గాలి ఎదురుగా ఉంది. విల్లు దిగలేదు. రేచన కాలు బురదలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. ముందుకు వెయ్యమంటే వెయ్యలేదు.

"పైకి వచ్చెయ్ నాయనా, వచ్చెయ్," అంటూ సింగమ్మే చెయ్యి అందించింది. తన మనవరాళ్ళను పిలిచే గొంతుతోనే పిలిచింది.

గట్టెక్కి అతను చేట సింగమ్మకు తిరిగి ఇచ్చాడు. "ఈ పూటే ఆజ్ఞ ఎత్తేస్తాను, గురువుగారూ. అన్ని మంచెలకూ నేనే వెళ్ళి చెబుతాను."

భీమేశయ్యగారు చేలో మొలకెత్తుతున్న వెన్నులను చూపించారు.

"వెళ్ళు నాయనా. సాయంత్రానికి నీవాళ్ళు విల్లు దించుతారు. ఈ తల్లులు చేలో కాలు ఎప్పుడు దించుతారో నేను చెప్పలేను. వడ్లు అంతవరకూ ఆగవు."