రేవు దాకా వెళ్లిన డాక్టరమ్మ

చాలా ఏళ్ల కిందటి సంగతి. చెప్పేటప్పుడు ముందుది వెనక్కి, వెనకది ముందుకి వస్తే సర్దుకుని చదువుకోండి.

గోదావరి లంకలకు దగ్గర్లో ఒక మిషన్ ఆస్పత్రి ఉండేది. దాన్ని నడిపే సిస్టర్ లియోనీ కన్యస్త్రీ, చేయి తిరిగిన సర్జను. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు విశాలికి ఆ ఉదయం ఒళ్లు మండిపోతోంది.

కారణం పల్లాలు అనే మనిషి. ఏటి మధ్య లంకలో కాపురం, కడుపుతో ఉంది. బిడ్డతో ఉండే మాయ గర్భసంచి నోటికి అడ్డంగా కూర్చుంది. కోసి బిడ్డను తియ్యాల్సిందే. మొన్న రక్తం పోతే మోసుకొచ్చారు. అది ఆగిన దగ్గర్నుంచీ ఇంటికి పోతానని ఒకటే నస.

"నొప్పా ఏమన్నానా? అక్కడ గేదె ఈనేలా ఉందండి. మా అత్త ఊరంతా తిరిగి నన్ను ఆడిపోసుకుంటాదండి!"

విశాలి విసిగిపోయి సిస్టర్ దగ్గరికి వెళ్లింది.

"ఇప్పుడే కోస్తే బిడ్డకి ఊపిరి చాలదు సిస్టర్. ముప్పయ్యారు వారాలు నిండాక ఆపరేషన్ అని తేదీ ఇచ్చేశాను. ఇంకా మూడు వారాలుంది. అందాకా ఇంటికి పొమ్మన్నాను. మళ్లీ రక్తం కనపడితే వెంటనే రమ్మన్నాను. సరేనా?"

సిస్టర్ ఆపరేషన్ గ్లౌజులు కడుగుతోంది. తలెత్తలేదు.

"తేదీ బాగుంది. ఇంట్లో దింపి, భోజనానికి వచ్చెయ్."

"నేనా?"

"పంపేది నువ్వే కదా."

గొణుక్కుంటూ పల్లాలుని రిక్షా ఎక్కించి రేవుకి తీసుకెళ్లింది. ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఇసకలో కూరుకుపోయి ఉంది. విశాలి గొంతు పోయేలా కేకలేసింది. పంటు నడిపే సరంగు తాపీగా చెయ్యి ఊపి, గొడుగు కింద మళ్లీ పడుకున్నాడు.

"ఏరు పాటు మీదుందండి, నీళ్లు తీసేశాయి. పోటొచ్చి నీళ్లెక్కితే గానీ కదలదు," అంది పల్లాలు, చెరుకు ముక్క నములుతూ.

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడొస్తాదండి."

ఎండ నెత్తికెక్కింది. విశాలి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. ఉన్నట్టుండి అడిగింది.

"మొన్న రక్తం పోయినప్పుడు ఎలా దాటారు?"

"మొన్న పోటు మీదుందండి. మా ఆయన అదృష్టం!"

విశాలి ఇసకలో కూరుకున్న పంటు వైపు ఒకసారి చూసింది. పల్లాలుని చెయ్యి పట్టుకుని లాగింది.

"లే. ఆస్పత్రికి పోదాం."

"ఇదేం చోద్యమండీ! పొమ్మంది మీరే కదా! నా గేదె గతేంటి?"

దారి పొడుగునా తిడుతూనే ఉంది.

సిస్టర్ అన్నం ముందు కూర్చుని ఉంది.

"దింపావా?"

"వెనక్కి తెచ్చాను సిస్టర్."

"మరి ఆపరేషన్ తేదీ?"

"అదే తేదీ."

వార్డులోంచి పల్లాలు గొంతు ఖంగున వినిపిస్తోంది. సిస్టర్ ఇంకో కంచం తీసి విశాలి ముందు పెట్టింది.

"కడుపు నిండా తిను. మూడు వారాలు ఆ తిట్లు పడాల్సింది నువ్వే."

ఇదీ నేను రాసుకున్నది. చంద్రకాంతం, నువ్వా ఆస్పత్రిలో నర్సుగా చేశావు కదా, ఇందులో పేర్లు ఒక్కసారి సరిచూసి పెట్టవే.