ఇత్తడి గుండిగ

పరదేశయ్య గారి దగ్గరికి శిష్యుడిగా వచ్చి మూడేళ్ళయినా వీరనారాయణకు మనసు కుదుట పడలేదు. ఒకనాటి ఉదయం ఆయన చిత్రావతి ఏటి ఒడ్డున పాదులు తవ్వుతుంటే పక్కనే కూర్చుని ఆ మాటే అడిగాడు. చీనీ బత్తాయి తోట, ఇల్లు తమ్ముడి పేర రాసిచ్చి కట్టుబట్టలతో వచ్చానని, అయినా బరువు దిగినట్టు లేదని, తమ్ముడు చెట్లకు నీళ్ళు సరిగా పెట్టడం లేదని తెలిసిన రోజున అన్నం సహించలేదని చెప్పుకున్నాడు. లోపం ఎక్కడుందో చెప్పమన్నాడు.

పరదేశయ్య గారు పార పక్కన పెట్టి కనకవల్లి సంగతి చెప్పారు.

ఆమె భర్త మౌనేశ్వరాచారి హార్మోనియాలు బాగుచేసేవాడు. పట్నంలో అంగడికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పల్లెల్లో మాత్రం ప్రతి భజన గుడిలోనూ ఒక పెట్టె మూగబోయి పడి ఉండేది. వాటి దగ్గరికి మనమే పోదామన్నది కనకవల్లి. పిల్లలు లేరు. ఉన్నది అద్దె ఇల్లు. ఒక పాత బడి బస్సు కొని, సీట్లు పీకించి, రెండు పడకలు, ఒక పొయ్యి, పనిముట్లకు ఒక బల్ల అమర్చుకున్నారు. ఇక అదే ఇల్లు.

మూడు తరాల సామాను అందులో ఎక్కదు. కనకవల్లి కొంగు బిగించింది. భర్త తటపటాయించిన చోట కూడా ఆమె తడబడలేదు. పందిరి మంచం, తిరగలి, పెళ్ళినాటి బీరువా, అన్నీ పది రోజుల్లో గడప దాటించింది. పెద్ద సామానులో అత్తగారి ఇత్తడి గుండిగ ఒక్కటే మిగిలింది. వీధిలో ఏ పెళ్ళి జరిగినా అన్నం దాంట్లోనే ఉడికేది. దాన్ని బస్సులో పెట్టి చూశారు. అది ఉంటే ఇద్దరిలో ఒకరికి పడుకోవడానికి చోటు ఉండదు. దాన్ని వెనక వీధి ఓబుళమ్మకు ఇచ్చి, చింతపండుతో తోముకోమని చెప్పి మరీ వచ్చింది. కనకవల్లి గుండె రాయి అని వీధివాళ్ళు అనుకున్నారు. ఆ మాట విని ఆమె లోలోపల కాస్త గర్వపడింది కూడా.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు, ఒకసారి చూసి వద్దామని ఓబుళమ్మ ఇంటికి వెళ్ళింది. గుండిగ పశువుల కొట్టంలో ఉంది. దాని నిండా కుడితి. రెండు పాడి ఎనుములు అందులో మూతులు పెట్టి తాగుతున్నాయి.

కనకవల్లికి ఒళ్ళు మండిపోయింది. మా అత్త ఆత్మ ఏమవుతుందని, నిన్ను నమ్మి ఇస్తే ఇదా చేసేదని నిలదీసింది. సిమెంటు తొట్టి పగిలిపోయిందని, ఇంట్లో అంత పెద్ద పాత్ర ఇంకోటి లేదని ఓబుళమ్మ నెమ్మదిగానే చెప్పింది. అయినా కనకవల్లి ఆగకపోయేసరికి, కుడితి రెండు బక్కెట్లలోకి వంపి, గుండిగ కడిగి తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తీసకపో అక్కా. కానీ ఒక్కమాట చెప్పు. ఇది నాకిచ్చినావా, నా దగ్గర దాపెట్టినావా?"

గుండిగ ఒక చెవి కనకవల్లి, ఒక చెవి ఓబుళమ్మ పట్టుకుని గుమ్మం దాకా మోశారు. అక్కడ కనకవల్లి ఆగింది. ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తుంది? బస్సులో చోటు లేదు. ఇంకొకరికి ఇస్తుంది. తోముతున్నారో లేదోనని మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కుతుంది. బస్సెక్కి వంద ఊళ్ళు తిరిగినా తన కాలొకటి ఈ వీధిలోనే ఉంటుంది. కొట్టంలో ఎనుములు మెడలు చాచి ఇటే చూస్తున్నాయి. వాటి దాహం ఇంకా తీరలేదు.

"వెనక్కి తిప్పు," అంది ఓబుళమ్మతో.

ఎక్కడి నుంచి ఎత్తారో అక్కడే దింపారు. బక్కెట్లలోని కుడితిని కనకవల్లి తన చేతులతోనే అందులో పోసింది. మొదటి బక్కెట్టు ఆగి ఆగి పోసింది. రెండోది ఒక్కసారిగా గుమ్మరించింది.

ఆ సాయంత్రం ఇంట్లో మిగిలినవన్నీ అరుగు మీద పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోవచ్చని వీధిలో చెప్పించింది. ఎవరు వచ్చారో, ఏది పట్టుకుపోయారో చూడలేదు. బస్సులో కూర్చుని కిటికీలకు తెరలు కుట్టుకుంది. అనుకున్న రోజుకు అనుకున్నట్టే బస్సు కదిలింది. ఆ మరుసటి ఏడు ఆ పట్నం మీదుగానే వెళ్ళారట. భజన గుడి ముందు బండి ఆపి, పెట్టె బాగుచేసి, టీ తాగి, సాగిపోయారట.

పరదేశయ్య గారు మళ్ళీ పార అందుకున్నారు. వీరనారాయణ ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, ఆ గుండిగలో ఇప్పటికీ కుడితే పోస్తున్నారా?"

"ఆమె అడగలేదు నాయనా," అన్నారు ఆయన. "నువ్వు అడిగావు."