పద్నాలుగో మెట్టుకు ఆకు లేదు

అనగనగా, ఆకాశం ఇంకా తాటిచెట్టంత ఎత్తులోనే ఉండే రోజుల్లో, ఏడుతలుపుల పట్నమని ఒక పట్నం ఉండేది. దాన్ని ఆటోపవర్మ మహారాజు ఏలేవాడు. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో దీపాలు ఆరిపోయేవి. నమ్మరా? ఆ పక్క రాజ్యం వాళ్ళనడగండి, ఇప్పటికీ చీకట్లోనే ఉన్నారు!

పట్నం పక్కన కరియేరు. వానాకాలంలో ఆ ఏటి పొంగు చూసి సముద్రమే సిగ్గుపడి రెండు ఆమడలు వెనక్కి జరిగేదట. ఏటికీ ఊరికీ నడుమ ఒక రాతికట్ట. ఆ కట్టకు ఏడు తలుపులు. ఒక్కో తలుపు ఎత్తాలంటే నూరు ఏనుగులు కావాలి. కాని అక్కడ ఏనుగులతో పనిలేదు. ఒక యంత్రం ఉంది.

ఏమి యంత్రం అది! ఏడంతస్తులు, వెయ్యి చక్రాలు. తాటాకు మీద ఘంటంతో బెజ్జాలు పొడిచి లోపల పెడితే, ఇనుప వేళ్ళతో ఆ బెజ్జాలను తడుముకుని, ఆకులో ఉన్నట్టే తలుపులు తీసేది, మూసేది. చెప్పింది చేసేది. చెప్పనిది తనంతట తాను ఆలోచించేది కాదు. ఏటి నీరు కట్టమీద ఒక్కో మెట్టెక్కినప్పుడల్లా అది ఒక్కో ఆకు చదివేది.

ఆ బెజ్జాలు పొడిచేవాళ్ళు ఆకురాతగాళ్ళు. పెద్ద ఆకురాతగాడు కాక వాళ్ళు ఏడుగురు, ఏటేటా చైత్రంలో పరీక్ష నెగ్గి వచ్చేవాళ్ళు. ఏడుగురికీ ఏడు పట్టుపరుపులు.

ఆ చక్రాలకు ఆముదం పూసే మనిషి పేరిందేవి. కట్టకింద పల్లపువాడలో మేనత్త ఓబుళమ్మతో ఉండేది. ఆముదం పూయడం ఆ వాడవాళ్ళ పని, తాతల నాటి నుంచీ. తొమ్మిదేళ్ళు ఆ చక్రాల నడుమ తిరిగి తిరిగి, ఏ చక్రం ఎందుకు మూలిగిందో, ఏ ఆకు ఏ తలుపును కదిలించిందో పేరిందేవి కళ్ళు మూసుకుని చెప్పేది. చీమ నడిచినా ఏ చక్రం మీద నడిచిందో చెప్పేదంటే చూసుకోండి!

ఒకనాడు ఆముదం పూస్తూ ఆకులు లెక్కపెట్టింది. పదమూడున్నాయి. కట్టకు మెట్లు పద్నాలుగు. పెట్టిన ఆకులన్నీ అయిపోతే యంత్రం ఆగదు, మళ్ళీ మొదటి ఆకుకు వస్తుంది. మొదటి ఆకు ఎండాకాలపు ఆకు. పొలాలకు నీరు పారడానికి ఏడు తలుపులూ బార్లా తెరవమని అందులో ఉంది. నిండు వరదలో ఏడు తలుపులూ తెరుచుకుంటే ముందు మునిగేది పల్లపువాడ.

పరుగున పోయి పెద్ద ఆకురాతగాడు చిత్రభానుడి ముందు నిలబడింది.

"స్వామీ, పద్నాలుగో మెట్టుకు ఆకు లేదు."

"పద్నాలుగో మెట్టెక్కిన నీటిని నువ్వు చూశావా?"

"చూస్తే ఇట్లా చెప్పడానికి మిగిలేదాన్ని కాదు స్వామీ."

చిత్రభానుడు చెడ్డవాడు కాడు. కాని ముప్పై ఏళ్ళ కిందట పరీక్షలో మొదటివాడుగా నెగ్గాడు. ఆ నెగ్గడం ఇంకా ఆయన తలమీద కిరీటంలా కూర్చునుంది. "ఆకురాత పరీక్ష నెగ్గినవాళ్ళే ఆకు ముట్టాలి, ఆకు గురించి మాట్లాడాలి. అది కట్టడి. నెగ్గి రా తల్లీ, వింటాను" అన్నాడు.

సరే, చైత్రంలో పరీక్షకు పోయింది. సున్నం కొట్టిన గోడ చూపించారు. చేతికి బొగ్గుముక్క ఇచ్చారు. వెనక ముగ్గురు పరీక్షకులు. "ఘడియలో ఆకు రాయి. రాస్తూ రాస్తూ నీ మనసులో ఏమనుకుంటున్నావో గట్టిగా చెబుతూ ఉండు."

"యంత్రమేదీ?" అంది పేరిందేవి.

"యంత్రమెందుకు?"

"ఒక బెజ్జం పొడుస్తాను, తిప్పి చూస్తాను, చప్పుడు వింటాను. తేడా ఉంటే దిద్దుతాను. పనంటే అదే కదయ్యా!"

ముగ్గురూ మళ్ళీ గోడవైపే వేలు చూపించారు. గోడ ముందు దాని చెయ్యి కదల్లేదు, నోరు అసలే లేవలేదు. "ఆత్మవిశ్వాసం లేదు" అని రాసుకుని పంపేశారు.

ఇంటికొస్తే ఓబుళమ్మ నవ్వింది. "గోడకు సున్నం కొట్టే పని కూడా రాదన్నారా ఏమే నీకు?"

"నవ్వకత్తా. ఈ ఏడు వాన తక్కువైతేనే బతుకుతాం."

రెండో చైత్రం వచ్చింది. ఈసారి ప్రశ్న: అరవైనాలుగు గళ్ళ పలకమీద ఎనిమిది ఏనుగులను నిలబెట్టాలి. నిలువునా, అడ్డంగా, మూలగా కూడా ఒకదాన్నొకటి చూడకూడదు. వరద తలుపులకూ ఏనుగుల చూపులకూ ఏమిటి చుట్టరికమని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ఆ జవాబు పట్నంలో పాలబుగ్గల పసివాళ్ళకు కూడా కంఠతా వచ్చు. అంగట్లో జవాబుల పొత్తాలు గుట్టలు. జోలపాటలు మానేసి తల్లులు ఏనుగుల గళ్ళే పాడేవారు!

నాలుగువందల మంది రెప్పపాటులో ఏనుగులు నిలిపి లేచారు. పేరిందేవి ఒక్కతే కూర్చుని జరిపి, చూసి, మళ్ళీ జరిపి, సాయంత్రానికి నిలబెట్టింది. తలెత్తి పక్క పలకలు చూసింది. ఉలిక్కిపడింది.

"అయ్యా, వీటిలో మూడో ఏనుగు, ఏడో ఏనుగు మూలగా చూసుకుంటున్నాయి! అన్నిటిలోనూ!"

చిత్రభానుడు వచ్చి పలకలు చూశాడు. తన చేతిలోని జవాబు చూశాడు. అందులోనూ ఆ రెండేనుగులూ చూసుకుంటున్నాయి. ఏనాడో ఎవడో పొత్తం రాసినవాడి చెయ్యి జారింది. ఆయన ముఖం వాడింది. ఆ జవాబు చంకలో దాచుకున్నాడు.

"నాలుగువందల మంది ఒక్కలా రాశారు. నువ్వొక్కతెవే వేరుగా రాశావు. అదీగాక ఆలస్యం."

"ఏమే, ఏనుగులు కూర్చున్నాయా, నిలబడ్డాయా?" అంది ఓబుళమ్మ ఆ పూట.

పేరిందేవి అన్నం ముందు కూర్చుని, ఏటి వైపు చూసింది. అత్త నవ్వు ఆపి, దగ్గరకొచ్చి తలమీద చెయ్యి వేసింది. "నా తల్లీ, పోనీవే. మన వాడలో నలభై మందిమి ఉన్నాం, నీకు తెలిసింది మాకు తెలుసు. వాళ్ళకెప్పటికీ తెలియదు, అంతే."

మూడో చైత్రానికి రాజు స్వయంగా ఒక మార్పు చేశాడు. గోడలు వద్దు, ఏనుగులు వద్దు. ఎవరింట్లో వాళ్ళు ఏడు రోజులు కూర్చుని నిజమైన ఆకు ఒకటి పొడిచి తేవాలి. ఆ దండోరా విని పేరిందేవి ఏడ్చింది, సంతోషంతో. ఏడు పగళ్ళు కూర్చుని పద్నాలుగో మెట్టుకు ఆకు పొడిచింది. నలభై రెండు బెజ్జాలు. ఓబుళమ్మా, వాడవాళ్ళూ చుట్టూ కూర్చుని ఒక్కో బెజ్జానికీ ఏ చక్రం కదులుతుందో నోటితో చప్పుడు చేసి చూపించారు. తప్పు దొరికిన చోట దిద్దించారు.

ఏడువందల ఆకులు వచ్చాయి. పక్షపాతం రాకూడదని పేర్లు చెరిపి, లక్కముద్రలు వేసి, భోషాణాల్లో పెట్టారు. అన్నీ చదవడానికి ఎవరికి తీరిక? పైన ఉన్న ఏడు తీసి చదివారు. అవి మావేనని ముందుకొచ్చిన ఏడుగురికీ పరుపులు దక్కాయి.

ఆ శ్రావణంలో వాన మొదలైంది. ఏడు మేఘాలూ ఒకదానిమీద ఒకటెక్కి కురిశాయి. పట్టపగలు నీరు పదో మెట్టు, పదకొండు, పన్నెండు. యంత్రం దగ్గర ఓబుళమ్మ చేతిలోని ఆముదపు గిన్నె కింద పెట్టింది.

"నేను పోయి వాడవాళ్ళను వెంటబెట్టుకొస్తా. నువ్విక్కడే ఉండు."

"అత్తా, వద్దు!"

"ఆకు నువ్వు పొడవగలవు. నడవలేని ముసలాళ్ళను నేను మొయ్యగలను. ఎవరి పని వాళ్ళది." వెళ్ళిపోయింది.

పదమూడో మెట్టు. రాజు వచ్చాడు, కిరీటం నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొత్త ఆకురాతగాళ్ళు ఏడుగురూ యంత్రం ముందు నిలబడ్డారు. ఒకడు గోడ ఎక్కడని వెతికాడు. తిరుగుతున్న యంత్రానికి ఆకు పెట్టడం వాళ్ళలో ఒక్కడూ ఎన్నడూ చూడలేదు.

"నా ఆకు తెప్పించండి!" అని అరిచింది పేరిందేవి.

భోషాణాలు తెరిచారు. ఏడువందల ఆకులు. ఏ ఆకుమీదా పేరు లేదు. చిత్రభానుడు ముద్రలు పగలగొడుతూ ఒక్కో ఆకూ చూస్తున్నాడు, ఏడుస్తున్నాడు. పేరిందేవి ఇంక ఆగలేదు. కొత్త ఆకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని పొడవడం మొదలుపెట్టింది.

నాయనలారా, ఇంతదాకా చెప్పినదాంట్లో పదో వంతు తీసేసుకోండి. ఇక మీదట చెప్పేదాంట్లో ఒక్క గింజ కూడా తీయకండి.

ముప్పయ్యో బెజ్జం దగ్గర నీరు పద్నాలుగో మెట్టెక్కింది. యంత్రం మొదటి ఆకుకు తిరిగింది. ఏడు తలుపులూ తెరుచుకున్నాయి. ఆ హోరు ఎటు పోతోందో పేరిందేవికి తెలుసు. తలెత్తలేదు. తలెత్తితే చెయ్యి తప్పుతుంది. ముప్పై ఒకటి. ముప్పై రెండు. నలభై రెండో బెజ్జం పొడిచి ఆకు లోపల పెట్టింది. తలుపులు మూసుకున్నాయి.

కోట మెట్లు తడవలేదు. రాచవీధి తడవలేదు. పల్లపువాడ లేదు.

నీరు తీసిన నాడు రాజు సింహాసనం దిగి నడిచి వచ్చాడు. "తల్లీ, పెద్ద ఆకురాత పదవి నీది. పరీక్షలు రద్దు. ఆ ఏడు పరుపులూ ఖాళీ చేయించాను. పని ఎరిగినవాళ్ళు ఎవరో నువ్వే చెప్పు. నువ్వు పిలిచినవాళ్ళే కూర్చుంటారు."

పేరిందేవి కట్టమీదికి నడిచింది. కింద బురద, బురదలో అక్కడక్కడా ఇళ్ళ స్తంభాలు. పని ఎరిగినవాళ్ళు ఆమెకు నలభై మంది తెలుసు. ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచింది. ముందు ఓబుళమ్మను పిలిచింది. రాజు వెనకాల చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. నలభై పేర్లూ అయిపోయాయి. ఎవరూ పలకలేదు.

అందుకే పెద్దలంటారు: పనివాణ్ణి పని దగ్గరే చూడాలి, బతికుండగానే చూడాలి. కంఠపాఠానికి పీట వేసిన రాజ్యానికి, చెయ్యి కావలసిన నాడు పిలవడానికి పేర్లే మిగులుతాయి.