కడమడి తల్లి కాలువ వెంట దిగివచ్చిన కథ

దట్టికొండకు వచ్చే యాత్రికులు ముందుగా కొండపైన ఊట దగ్గరికి ఎక్కుతారు. అక్కడ ఖాళీ పీఠం మాత్రమే కనిపిస్తుంది. అమ్మవారు కింద, కాలువ చివర, కడమడి అనే ఆఖరి మడి గట్టు మీద కొలువై ఉన్నారు. ఆమెకు అభిషేకం చేయరు. ఎందుకు చేయరో తెలుసుకుని దర్శించడం మేలు.

పూర్వం ఆ తల్లి కొండపైన ఊట పక్కనే ఉండేది. ఊట నీటిని మడిమడికీ వంతు ప్రకారం పంచే పని నీరుగంటి పైడన్నది. కన్నకొడుకు మడికైనా అతడు వంతు తప్పి దోసెడు నీరు వదిలేవాడు కాదు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఊట సన్నబడింది. అమ్మ ఒళ్లు వేడెక్కిందని, చల్లబరిస్తే వాన కురుస్తుందని పెద్దలు తలచారు. పొద్దు పొడిచింది మొదలు బిందెల కొద్దీ నీళ్లు అమ్మ మీద కుమ్మరించసాగారు. మిగిలిన నీరు పై మడులలోనే ఇంకిపోయేది. కడమడి చిలకమ్మది. మొగుడు పోయిన మనిషి. ఆ నారు ఎండితే పిల్లలను వెంటబెట్టుకుని కొండ దిగి కూలికి పోవలసిందే.

"ఏటి మావా, నీ కాలువకి మోకాళ్ల నొప్పులా? నా మడి దాకా నడవలేకపోతంది" అని ఆమె పైడన్నను ఎత్తిపొడిచింది. నవ్వుతూనే అన్నది గాని కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం పైడన్న కాలువ గట్టున కునుకు తీస్తుండగా అమ్మ కలలో కనిపించింది. తడిబట్టలతో వణుకుతోంది. "నా బిడ్డ మడి బీటలు వారతంటే నాకు స్నానాలేటిరా? నన్నెత్తుకుపోయి ఆ గట్టున కూకోబెట్టు. నా కాళ్లు తడిసినాకే పైవోళ్లు తమ మడులకి నీళ్ల మడవలు తెరవాలి" అన్నది.

పైడన్న ఆ మాట చెబితే ఊరిపెద్ద గౌరన్న ఎండదెబ్బ తగిలిందని నవ్వాడు. అమ్మకు ఇష్టమైతే ఆమే లేస్తుందిలే అన్నాడు. పైడన్న చేతులు వేయగానే రాతి విగ్రహం చంటిబిడ్డలా లేచి వచ్చింది. నవ్విన గౌరన్నతో సహా ఊరివారందరూ అతని వెనక నడిచారు.

కొంత దూరం పోగానే విగ్రహం బరువెక్కింది. చూస్తే అక్కడ కాలువకు ఎవరో దొంగగండి కొట్టి ఉన్నారు. ఆ మడి ఆసామి తలవంచుకుని దాన్ని పూడ్చాడు. విగ్రహం తేలికైంది. అలా ప్రతి గండి దగ్గరా జరిగింది. గౌరన్న మడి దగ్గర మాత్రం పైడన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. "పెద్దా, నా రెక్కలు ఇరిగిపోతన్నాయి" అన్నాడు మెల్లగా. గౌరన్న తలపాగా విప్పి గండిలో కుక్కి, రెండు చేతులా బురద మెత్తాడు.

అమ్మను కడమడి గట్టున దించేసరికి నీరు వెనకాలే వచ్చి ఆమె పాదాలు తడిపింది. చిలకమ్మ కొండ దిగలేదు.

నేటికీ వైశాఖంలో అమ్మను కాలువ వెంట మోస్తారు. గండి ఎదురైతే బోయీలు ఆగిపోతారు. ఎంతటివాడైనా ఆసామి స్వయంగా పూడ్చాకే కదులుతారు. కడమడి తడిసేదాకా పై మడవ ఏదీ తెరుచుకోదు. భక్తులు కొబ్బరికాయకు బదులు పిడికెడు మట్టి తెచ్చి కాలువ గట్టుకు వేస్తారు. పొరుగువాడి వంతు కాజేసిన చేతులతో మాత్రం ఇక్కడ మొక్కరాదు. ముందు ఆ వంతు తిరిగి ఇచ్చి రావాలి. అలా వచ్చినవారి ఇంట గింజకు కరువుండదు.