వెనక్కి తిరగని ముళ్లపంది

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది. నిద్ర లేచిందంటే ఎవరితోనో ఒకరితో తగవు. వాన ఎక్కువైతే వానతో తగవు, పడకపోతే మబ్బుతో తగవు. "దాని నోటికి జడిసే దాని ఒంటి మీద ముళ్లు మొలిచాయి" అని చుట్టుపక్కల వాళ్లు నవ్వుకునేవాళ్లు. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఒకరు ఉండే ఉంటారు. ఎవరని నేను అడగను, మీరు చెప్పొద్దు. నాకు మాత్రం సూదమ్మ అంటే ఇష్టం. ఎందుకో వినండి.

ఒకసారి సముద్రం వైపు నుంచి ఒక కొంగ ఆ అడవికి వచ్చింది. వస్తూనే తిమింగలం కబుర్లు మొదలుపెట్టింది.

"అది ఊపిరి వదిలితే నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయి సూదమ్మా. మన అడవిలో ఏనుగులన్నీ దాని వీపు మీద బంతి భోజనానికి కూర్చోవచ్చు" అంది.

అంతే. సూదమ్మకు ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేదు. ఎలాగైనా ఒక్కసారి తిమింగలాన్ని కళ్లారా చూడాలి. దారిలో తినడానికి నాలుగు చిలగడదుంపలు మూటగట్టుకుని బయలుదేరింది. పది రోజులు నడిచింది. కాళ్లు బొబ్బలెక్కాయి. అయినా ఆగలేదు.

పదకొండో రోజు నీలాలరేవు చేరింది.

అది తిమింగలాల ఊరు. ఏ అంగడి చూసినా తిమింగలం బొమ్మలే. మిఠాయి కొట్టులో బెల్లం అచ్చులు కూడా తిమింగలం ఆకారంలోనే పోస్తారు. ఒక పీత తన సత్రం ముందు నిలబడి, "రండి, రండి, తిమింగలం కనిపించే గది" అని పిలుస్తోంది. సూదమ్మ లోపలికి వెళ్లి కిటికీ తెరిచింది. ఎదురుగా గోడ ఉంది. ఇంకేముంది, పీతతో అరగంట తగవు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గుట్ట మీద ఒక గద్ద కూర్చుని సముద్రాన్ని కనిపెడుతూ ఉంటుంది. తిమింగలం జాడ తెలియగానే కేక వేస్తుంది. కేక వినపడగానే పడవలన్నీ బయలుదేరుతాయి. వాటన్నిటినీ నడిపించే పెద్ద సరంగు ఒక నీటికుక్క. ఈతలో వాడికి వాడే సాటి.

"నా పడవెక్కి తిమింగలాన్ని చూడకుండా దిగినవాళ్లు ఇంతవరకూ లేరక్కా" అన్నాడు సరంగు మీసం దువ్వుకుంటూ.

తెల్లారాక గద్ద కేక వేసింది. ఎనిమిది పడవలు కదిలాయి. సరంగు పడవలో సూదమ్మ, భల్లయ్య అనే ఎలుగుబంటి, ఒక నెమలి ఎక్కారు. తెడ్లు వేసేది రెండు కొండముచ్చులు. లోతు నీళ్లలోకి వెళ్లాక పడవలన్నీ గుండ్రంగా వలయం కట్టాయి. కొండముచ్చులు తెడ్లు ఎత్తి పడవ చెక్కల మీద దబదబా బాదడం మొదలుపెట్టాయి.

"ఇదేంటి తమ్ముడూ?" అని అడిగింది సూదమ్మ.

"మా తాతల నాటి పద్ధతి అక్కా. చప్పుడు వింటే తిమింగలానికి హుషారు. ఆడుకోవడానికి పైకి వస్తుంది."

"నా గుమ్మంలో ఎవరైనా రాళ్లు వేస్తే నేనూ బయటికి వస్తాను. ఆడుకోవడానికి మాత్రం కాదు."

సరంగు నవ్వేసి, ఇంకా గట్టిగా బాదమని కొండముచ్చులకు సైగ చేశాడు.

మొదటిసారి బాదినప్పుడు దూరంగా నీళ్లు సుడి తిరిగాయి. అందరూ మెడలు చాచారు. ఏమీ పైకి రాలేదు.

రెండోసారి బాదినప్పుడు పడవల వలయానికి బయట నీటిలోంచి ఒక గొంతు వినపడింది. బరువైన గొంతు, అలసిపోయిన గొంతు.

"అయ్యలారా, అమ్మలారా, కాస్త తప్పుకోండి. నా బిడ్డ మీ పడవల కింద చిక్కుకుపోయింది. పాలు తాగే బిడ్డ. ఊపిరి కోసం పైకి రావాలి. మీరు అడ్డం ఉన్నారు."

సూదమ్మ పడవ అంచు మీంచి వంగి కిందికి చూసింది. మిగతా వాళ్లకు మాత్రం పండగలా ఉంది.

"మాట్లాడుతోంది, మాట్లాడుతోంది" అంటూ నెమలి పింఛం విప్పింది.

"తల్లీ పిల్లా రెండూ ఉన్నాయన్నమాట. ఇంత దూరం వచ్చినందుకు పిల్లను కూడా చూసే వెళ్లాలి" అన్నాడు భల్లయ్య.

"సరంగూ, పడవలు వెనక్కి తీయించు" అంది సూదమ్మ.

"వచ్చినవాళ్లు చూడాలి కదక్కా. ఉండు, నేనే కిందికి దిగి ఆ పిల్లను పైకి తోలుకొస్తాను. మీరు బాదడం ఆపకండి" అని సరంగు బుడుంగున మునిగాడు.

మూడోసారి తెడ్లు మోగాయి. పిల్ల ఎక్కడ లేస్తుందో దగ్గరగా చూడాలని ప్రతి పడవా ముందుకు తోసుకొచ్చింది. అంచుకు అంచు ఆనుకుంది. వేలెడు సందు లేదు.

కాసేపటికి సూదమ్మ కాళ్ల కింద పడవ అడుగున ఏదో తగిలింది. టక్. మళ్లీ టక్. పక్క పడవ కింద టక్. చిన్న తల, చిన్న దెబ్బ. తిమింగలం పిల్ల తలైతే పడవే ఎగిరిపడేది. సూదమ్మకు అర్థమైంది. నీటికుక్క ఎంత ఈతగాడైనా చేప కాదు. వాడూ ఊపిరి కోసం పైకి రావలసినవాడే. కింద ఇప్పుడు ఇద్దరున్నారు.

"పడవ వెనక్కి తీయండి. మీ సరంగు కింద చిక్కుకున్నాడు" అని అరిచింది.

"అది పిల్ల తలేలే. వచ్చేస్తోంది. ముందుకు వేయండి" అన్నాడు భల్లయ్య.

సూదమ్మ ఇక బతిమాలలేదు. పడవ వెనక కొసకు వెళ్లి, తెడ్లు వేసేవాళ్లకు వీపు తిప్పి, ఒడ్డు వైపు ముఖం పెట్టి, ఒంటి మీది ముళ్లన్నీ ఒక్కసారి లేపింది. ఆ ముళ్లు కొండముచ్చుల వీపులకు జానెడు దూరంలో నిలిచాయి.

"పడవ వెనక్కి నడిస్తే మీకేమీ కాదు. ముందుకు ఒక్క మూర కదిలినా ఈ ముళ్లు మీ వీపుల్లో ఉంటాయి. మీ ఇష్టం."

కొండముచ్చులు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. వీపు ఎవరికి చేదు? తెడ్లు తిప్పి వేశాయి. పడవ వెనక్కి జరిగింది. ఎదుట సందు ఏర్పడింది.

ఆ సందులోంచి సరంగు తల పైకి వచ్చింది. కళ్లు తేలేసి, నోరు తెరిచి గాలి మింగాడు. వాడి పక్కనే బుస్సుమని నీళ్లు ఎగిశాయి. తిమింగలం పిల్ల ఊపిరి వదిలింది. ఇద్దరూ ఒకే సందులో పక్కపక్కన రొప్పుతున్నారు. తల్లి ఒక్క ఊపులో వచ్చి బిడ్డను తన వీపు మీదికి ఎత్తుకుంది. కొండంత వీపు. ఎండలో నిగనిగలాడుతున్న వీపు. అక్కడున్న వాళ్లందరూ లేచి నిలబడి చూశారు.

"సూదమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు. నువ్వు చూడాలనుకున్నది నీ వెనకే ఉంది" అంది నెమలి.

భల్లయ్య అప్పటికే తెడ్డు మీద చెయ్యి వేశాడు. ఇంకాస్త దగ్గరికి పోనివ్వాలని వాడి ఆశ. సూదమ్మ తిరిగితే ముళ్లూ తిరుగుతాయి. ముళ్లు తిరిగితే పడవ ముందుకు పోయి, తల్లీ బిడ్డా వెళ్లాల్సిన సందు మూసుకుంటుంది.

సూదమ్మ తిరగలేదు. ఒడ్డునే చూస్తూ నిలబడింది. వెనక నీళ్ల చప్పుడు దూరమై, చిన్నదై, ఆగిపోయేదాకా అలాగే నిలబడింది.

ఒడ్డుకు చేరాక భల్లయ్య మండిపడ్డాడు. "నువ్వు అడ్డం పడకపోతే చేత్తో తాకేవాళ్లం. నీవల్ల పోయింది" అన్నాడు.

"అవును, నావల్లే పోయింది. ప్రాణంతో పోయింది" అంది సూదమ్మ.

సరంగు తడిసిన మీసంతో వచ్చి ఎదుట నిలబడ్డాడు. వాడి తల మూడు చోట్ల బొప్పి కట్టింది. "అక్కా, కింద చీకటి. ఎటు లేచినా చెక్కే తగిలింది. ఆ పిల్లా నాలాగే ఊపిరాడక గిలగిల్లాడుతోంది. ఇన్నాళ్లూ అది ఆట అనుకున్నాను" అన్నాడు. తర్వాత తలవంచుకుని, "అందరూ చూశారు, నువ్వొక్కదానివే చూడలేదు. రేపు నిన్నొక్కదాన్నే తీసుకెళ్తాను. ఒకే ఒక్కసారి మెల్లగా తెడ్డు కొడతాను" అన్నాడు.

"కొడితే మళ్లీ ఇలాగే నిలబడతాను."

మరుసటి రోజు ఇద్దరూ వెళ్లారు. దూరంగా తెడ్లు ఎత్తి కూర్చున్నారు. తిమింగలం రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పొద్దువాలుతుంటే సూదమ్మకు ఏడుపు ఆగలేదు. దాని కోసం పది రోజులు నడిచింది మరి. సరంగు చూడలేక తెడ్డు అందుకున్నాడు.

సూదమ్మ కన్నీళ్లు తుడుచుకోకుండానే ముళ్లు లేపింది.

సరంగు తెడ్డు కింద పెట్టి, పడవను ఒడ్డుకు తిప్పాడు.

నీతి: పదిమంది తిట్టినా, మన ముచ్చట తీరకపోయినా సరే, ఒక ప్రాణాన్ని ఏడిపించే వేడుకకు మనం తెడ్డు వేయకూడదు, వేసేవాళ్లకు అడ్డం నిలబడాలి.