నాంచారి ఊడవని మూల

అనగనగా ఒక ఊరు. ఎప్పుడని అడక్కండి. మా తాతకు వాళ్ల తాత చెప్పేనాటికే ఇది పాత కథ. ఆ ఊరి పేరు తాటిదొరువు. ఇసుక నేల, చుట్టూ తాటిచెట్లు. ఆ ఊళ్లో నాంచారి అని ఒక ముసలామె ఉండేది.

నాంచారికి పొలం లేదు, గొడ్డు లేదు, మొగుడు లేడు. ఒక చీపురు, ఒక చేట, గూట్లో ఒక ఉగ్గుగిన్నె, అంతే ఆమె ఆస్తి. ముగ్గురు బిడ్డల్ని కన్నది. ముగ్గురూ పాలు మరవకముందే పోయారు. గిన్నె మిగిలింది. దాన్ని ఎవరికైనా ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆమె పని కళ్లం ఊడవడం. జొన్నలు నూర్చి, తూర్పారబట్టి, రాశి ఎత్తాక నేలమీద మట్టిలో కలిసి కొన్ని గింజలు మిగులుతాయి కదా, అవి ఊడ్చేదానివి. కళ్లంలో నేలమీద మిగిలింది ఊడ్చేదానిది. అది ఆ ఊరి వాడుక. ఊరి పెద్ద పెదకాపు అయినా దాన్ని కాదనలేడు.

కళ్లానికి తూర్పు మూల ఒక మొండి తాటిచెట్టు ఉండేది. ఎప్పుడో పిడుగు పడి తల పోయింది. దాని తొర్రలో గుడ్లగూబలు కాపురం పెట్టాయి. గుడ్లగూబ పేరెత్తితే ఇప్పటికీ మీలో సగంమంది మొహం తిప్పుకుంటారు. ఆ రోజుల్లో వాళ్ల భయం చెప్పాలా!

మొదటి ఏడు ఒక గుడ్లగూబ పిల్ల ఆ చెట్టు కింద కనిపించింది. ఒళ్లంతా నూగు, ఏకిన దూదిలా ఉంది. కళ్లు మాత్రం ఇంతింత. ఎగరలేదు, అరవలేదు, బుస్సు బుస్సుమంటోంది.

"అయ్యో తల్లీ, పడిపోయావా!" అంది నాంచారి. కొంగులో చుట్టి ఇంటికి తీసుకుపోయింది. మేకపాలు కాచింది. జొన్న ఉగ్గు చేసింది. ఇన్నేళ్లకు గూట్లోంచి గిన్నె దించింది.

పిల్ల ఉగ్గు మింగింది, కక్కింది. రెండోసారి పోస్తే రెండోసారి కక్కింది. దీపాలు పెట్టేవేళ దాని తల్లి వెతుక్కుంటూ వచ్చి నాంచారి ఇంటి కొప్పుమీద వాలి అరిచింది. ఊరంతా విన్నది.

పెదకాపు బసవయ్య పొద్దున్నే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"గూబ ఇంటిమీద కూసిందే నాంచారీ. ఇల్లు పాడుపెట్టాల. ఆరు నెలలు ఈ గడప తొక్కమాక."

"ఆరు నెలలు నేను యాడ ఉండేది పెదకాపూ?"

"యాడన్నా ఉండు. ఊరికి కీడు రాకుండా ఉంటే చాలు."

తలుపుకు అడ్డంగా తుమ్మకంప కొట్టి పోయారు. మూడో రోజు పిల్ల చచ్చిపోయింది. నాంచారి దాన్ని తన ముగ్గురు బిడ్డల పక్కనే పూడ్చింది. నవ్వకండి, నిజంగానే పూడ్చింది. ఆపైన కళ్లం అంచున నాలుగు తాటాకులు కప్పుకుని అక్కడే ఉండిపోయింది. ఆరు నెలలు అయినా ఎవరూ వచ్చి ఆ కంప తీయలేదు. ఆమే తీసుకోవచ్చుగా అంటారేమో. పెద్దలు కొట్టిన కంప పెద్దలే తీయాలి.

రెండో ఏడు మళ్లీ ఒక పిల్ల చెట్టు కింద కనిపించింది. నాంచారి చేతులు ముందుకు వెళ్లాయి. పోయిన ఏటి చావు గుర్తొచ్చి వెనక్కి లాక్కుంది. దూరంగా కూర్చుని చూసింది.

పిల్ల గెంతింది. బోర్లా పడింది. మళ్లీ గెంతింది. చెట్టు మొదలు చేరి బెరడును ముక్కుతో పట్టుకుంది, గోళ్లతో పట్టుకుంది, రెక్కలు టపటపలాడిస్తూ పైకి పాకింది. జారింది. మళ్లీ పాకింది. పొద్దు వాలే సరికి నిలువెత్తు ఎక్కి ఒక బొడిపెమీద కూర్చుంది. మసక పడగానే తల్లి మిడతను తెచ్చి దాని నోట్లో పెట్టింది.

నాంచారి లేచి నిలబడింది.

"ఇది పడలేదు," అంది. "దిగింది."

కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక ఆమెకు ఏడుపు ఆగలేదు. "అదీ పడలేదు. అదీ దిగింది. తల్లి పైనే ఉంది. నేనే ఎత్తుకుపోయి చంపాను."

ఆ ఏడంతా ఆమె చూస్తూనే ఉంది. తల్లి మొదట మేత నోట్లో పెట్టింది. తర్వాత ముందర పెట్టింది. తర్వాత దూరంగా పెట్టి పిలిచింది. పిల్లకు మొదట చిమ్మట దొరికింది, తర్వాత మిడత, చివరికి చిట్టెలుక. ఎలుక దొరికిన రోజున తల్లి పిల్లను చెట్టు దగ్గరికి రానివ్వలేదు. పొడిచి పొడిచి తరిమింది. గూడు విడిచింది మొదలు అప్పటికి నలభై రోజులు.

మూడో ఏడు వచ్చింది. బసవయ్య జొన్న కళ్లం. రాశి ఎత్తారు. కమ్మరి, కుమ్మరి, చాకలి వాటాలకోసం గంపలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు చూశారు, తూర్పు మూల నేలమీద మూడు గుడ్లగూబ పిల్లలు.

"గింజ దగ్గర గూబలా! కొట్టండ్రా! ఆ చెట్టుకూడా తగలబెట్టండి!" అని అరిచాడు బసవయ్య. పాలేరు కర్ర ఎత్తాడు.

నాంచారి అడ్డం వచ్చింది. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి.

"పెదకాపూ, ఒక్కమాట అడుగుతా. కళ్లంలో నేలమీద మిగిలింది ఎవరిది?"

"ఊడ్చేదానిది."

"ఇయ్యి యాడున్నాయి?"

బసవయ్య నేల వైపు చూశాడు.

"నేలమీద ఉన్నాయి. రాశి ఎత్తినాక ఉన్నాయి. ఇయ్యి నాయి."

కమ్మరి బసవయ్య మొహం చూశాడు. కుమ్మరి చూశాడు. చాకలి చూశాడు. వాళ్ల వాటాలు కూడా వాడుకమీద నడిచేవే. ఈమె వాడుక ఇవాళ పోతే రేపు తమదీ పోతుంది. అది బసవయ్యకూ అర్థమైంది. కర్ర దించమన్నాడు. అయినా పంతం పోతుందా?

"నీయి అయితే ఊడ్చుకుని తీసుకుపో."

"ఎత్తితే చస్తాయి అయ్యా. ఇయ్యి పడలేదు. దిగినాయి. వీటి తల్లి పైనే ఉంది. ఆ మూల నలభై రోజులు ఊడవను."

"అయితే నలభై రోజులూ నీకు గింజ లేదు. కళ్లం మొత్తం ఊడిస్తేనే నీ గింజ నీది. అదీ వాడుకే."

"సరే అయ్యా" అంది నాంచారి. ఆమె ఏడాది తిండి ఆ గింజలే. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. దీనికి మాత్రం మా తాటిదొరువువాళ్లం ఈనాటికీ సిగ్గుపడతాం.

చైత్రం ఎండలు ముదిరాయి. పగలు పిల్లలు బొడిపెలమీద కునికేవి. కాకులు మూకగా వచ్చేవి. నాంచారి చేట ఊపి తోలేది. కుక్క వస్తే చీపురెత్తేది. చేత్తో మాత్రం పిల్లల్ని ఒక్కసారైనా తాకలేదు. బసవయ్య కోడలు మామకు తెలియకుండా గంజి తెచ్చి ఇచ్చేది.

"పెద్దమ్మా, ఎండలో ఎందుకే ఈ అగచాట్లు? తాటాకుల కిందికి రా."

"కిందికొస్తే చెట్టు కనపడదమ్మా."

"దగ్గరికన్నా పోవు. ఊరకే చూడ్డానికేనా?"

"ఎత్తుకోవాలనే ఉంది తల్లీ. ఎత్తుకోకుండా ఉండటమే నా పని."

పదో రోజున ఒక పిల్లను గద్ద తన్నుకుపోయింది. నాంచారి చేట విసిరింది, అది అందలేదు. ఆ పూట ఆమె గంజి ముట్టలేదు. మిగిలినవి రెండు. వాటిలో పెద్దది ముప్పయ్యో రోజున ఎగిరి మొగలి పొదల వైపు పోయింది. ఆఖరిది బక్కది. తల్లి పిలిస్తే కదిలేది కాదు, నోరు తెరుచుకుని కూర్చునేది.

ఊడవని ఆ మూల గింజలు అలాగే పడి ఉన్నాయి. గింజలకోసం చిట్టెలుకలు వచ్చాయి. సందెవేళ తల్లి ఆ మూలకే వచ్చి, ఒక ఎలుకను పట్టి బక్కపిల్లకు చూపించి, తానే తినేసేది. చూపించడమే, పెట్టడం లేదు. నాంచారికీ ఆకలే, పిల్లకూ ఆకలే. ఇద్దరూ ఆ గింజల వైపే చూస్తూ ఉండేవాళ్లు.

నలభయ్యో రోజు పొద్దు వాలుతుండగా బక్కపిల్ల బొడిపెమీదినుంచి దూకింది. రెక్కల చప్పుడు లేదు. గింజలమీద ఎలుక కిచ్‌మంది. పిల్ల దాన్ని గోళ్లతో నొక్కి పట్టి తల పైకెత్తింది. ఆ వెంటనే తల్లి వచ్చి పిల్లను పొడిచి తరిమింది.

అప్పుడే గంజి తెచ్చిన కోడలు చూసి, "అయ్యో, కన్నతల్లే తరుముతుందేంది?" అంది.

"బతకగలదని తెలిసిందమ్మా. అందుకే పొమ్మంటోంది" అంది నాంచారి. ఎండకు పగిలిన పెదవులతో నవ్వింది. "రేపు పొద్దున్నే ఊడుస్తా. మీ మామకు చెప్పు."

పొద్దున ఊరివాళ్లు వచ్చేసరికి నాంచారి మొండి చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చీపురుంది. పిలిస్తే పలకలేదు. నలభై రోజుల ఎండ ఆమెను తీసుకుపోయింది. చెట్టుమీద పిల్లలు లేవు.

బసవయ్య కూడా వచ్చాడు. ఎవరో చీపురు తీసి మూల ఊడవబోయారు.

"ముట్టమాక" అన్నాడు. "అది ఆమెది."

అక్కడినుంచి నేరుగా నాంచారి ఇంటికి వెళ్లాడు. తలుపుకున్న తుమ్మకంపను తన చేతులతో పీకాడు. ముళ్లు దిగి నెత్తురు కారింది, అయినా ఆగలేదు. లోపలినుంచి ఉగ్గుగిన్నె తెచ్చి, ఆమె బిడ్డల పక్కన ఆమెను పూడ్చేటప్పుడు చేతిలో పెట్టించాడు.

అది మొదలు మా వైపు ఏ కళ్లంలోనూ తూర్పు మూల ఊడవరు. దాన్ని నాంచారి మూల అంటారు. వేసవిలో చెట్టుకింద గుడ్లగూబ పిల్ల కనిపిస్తే కుక్కను తోలి, దూరంగా నిలబడి, తల్లి వచ్చేదాకా చూసి ఇంటికి పోతారు.

ఇంకొకటి. మా ఇళ్లలో బిడ్డ మొదటిసారి అమ్మ చెయ్యి వదిలి నాలుగు అడుగులు వేసి చతికిలబడితే ఎవరూ పరుగెత్తి ఎత్తుకోరు. తల్లి చేతులు ముందుకు వెళతాయి, వెళ్లకుండా ఎలా ఉంటాయి? పక్కన ఉన్న ముసలమ్మ ఆ చేతులు మెల్లగా పట్టుకుని ఆపుతుంది. బిడ్డ వైపు చూసి అంటుంది:

"పడలేదులే నాయనా. దిగావు."